బోడగడ్డ అసలు వాసులు

రాధాబాయిని ఆమె తండ్రి బోడగడ్డకు ఇచ్చింది ఒక్క మాట తప్పుగ అర్థం చేసుకొని.

బోధన్ పక్కన చెరుకు ఊర్లల్ల పుట్టి పెరిగిన మనిషి ఆయన. పొద్దంత బండి మీద చెరుకు మోపులు, పొద్దు మీకినంక మోటరు కాడ కాపలా. నీళ్లంటె ఆయనకు దేవుని కంటె ఒక మెట్టు ఎక్కువ. పిల్లను చూడవచ్చిన ఆత్మారాంను "జాగ ఎంతున్నది, నీళ్లున్నయా?" అని అడిగిండు. ఆత్మారాం తలకాయ వంచుకొని, "జాగ కొంచెమే మామా, నీళ్లు మాత్రం నాలుగు దిక్కుల ఉన్నయి" అన్నడు. అందుల ఒక్క అబద్ధం లేదు. ముసలాయనకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాలుగు దిక్కుల నీళ్లున్న పొలం! ఇంకొక్క మాట అడగకుంట లగ్గం ఖాయం చేసిండు.

పెండ్లైనంక బిడ్డను సాగనంపనీకి గోదావరి ఒడ్డు దాక వచ్చిండు. అల్లుడు చెయ్యి చూపిన దిక్కు చూస్తె నీళ్ల నడుమ బోడిగుండు లెక్క ఒక దిబ్బ. ప్రాజెక్టు కట్టినప్పుడు చుట్టుపక్కల పొలాలన్ని మునిగిపోయినయి, అదొక్కటి మునగడం చేతగాక మిగిలింది. ముసలాయన ఒక్కొక్క దిక్కే తిరిగి చూసిండు. ఆఖరికి వేళ్లు మడిచి చూసుకొని, "అవును, నాలుగు దిక్కులే" అన్నడు. అరణంగ తెచ్చిన రెండు మేకలను, ఒక పోతును పడవల ఎక్కించి, బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, వెనుకకు తిరిగి చూడకుంట పోయిండు.

ఆ పోతుకు గడ్డంతోని పాటు మీసాలసొంటి వెంట్రుకలు గూడ ఉండె. ఆత్మారాం దానికి జమాదార్ అని పేరు పెట్టిండు. జమాదార్ ఎడమ చెవి ఎవరో మడిచి మర్చిపోయినట్టు సగానికి వంగి ఉండేది. అరిస్తె పొగ తాగే ముసలోడు దగ్గినట్టుండేది. ఇప్పుడు బోడగడ్డ మీద ఉన్న మేకలన్ని ఆ మూడింటి సంతానమే. వేరే మేక ఆ గడ్డ తొక్కలె. ఎండకాలం ఒక పక్క నీళ్లు దిగినా, అక్కడ మిగిలే రేగడి బురద మేక పొట్ట దాక వస్తది. తరం తరానికి మేకలు కురచైకుంట వచ్చి, ఇప్పుడు మనిషి మోకాలు కాడ ఆగినయి. అన్నిటికి ఎడమ చెవి మడతే. అన్నీ దగ్గుతయి. పొద్దున్నే ఆ గడ్డ మీదికి పోతె దవాఖానల వార్డుకు పోయినట్టుంటది.

పోతుపిల్లలను పడవ నడిపే అయ్యూబ్ నిజామాబాద్ అంగడికి తీస్కపోయి అమ్మేటోడు. "ఇవి మేకలా, మేకల ఫొటోలా?" అని అడిగేటోళ్లు అక్కడ.

ఆత్మారాం జ్వరమొచ్చి పోయినంక రాధాబాయికి మేకలే మంది, మేకలే మాట. ఒడిల చాట పెట్టుకొని బీడీలు చుట్టుకుంట, మనుషులతోని తెలుగు, మేకలతోని మరాఠీ మాట్లాడేది. చిన్నప్పుడు వాళ్ల ఊర్లె పశువులకాడ మరాఠీనే నడిచేది. "ఇకడే యే" అంటె గడ్డ మీద ఏ మూలున్న మేకైనా దగ్గుకుంట వచ్చి నిలబడేది. తెలుగుల పిలిస్తె ఒక్కటి గూడ తల ఎత్తకపోయేది.

ఇగ అక్కడి మనుషుల సంగతి. పది పన్నెండు గడపలు. అందుల ఒక్కరు గూడ ఉండాలని వచ్చినోళ్లు కారు. అయ్యూబ్ బోధన్‌ల ఇంజన్ల మిస్త్రి. పడవ ఇంజన్ చెడిపోయిందంటె ఒక్క పూట పనికని వచ్చిండు. ఇంజన్ బాగైతె అదే పడవల తిరిగి పోవాలె. అది బాగు కాలె. ఆయనను తోల్కపోనీకి ఆయన భార్య రబియా వేరే పడవల వచ్చి, ముందుగాల నాలుగు తిట్లు తిట్టి, తర్వాత రాధాబాయి ఇచ్చిన చాయ్ తాగి, ఆమె గూడ ఉండిపోయింది. ఇంజన్ ఇప్పటికీ నడుమ నడుమ ఆగుతది. అయ్యూబే ఆ పడవకు మాలిక్.

బాలనర్సయ్యది మెండోర దిక్కు. తప్పిపోయిన ఎనుపోతును వెతుక్కుంట, అది ఈదిన దారినే ఈదుకుంట వచ్చిండు. ఎనుపోతు కొన్ని రోజులు మేసి, మళ్ల ఈదుకుంట ఇంటికి పోయింది. బాలనర్సయ్య పోలె. "అదొచ్చిన పని అయిపోయింది, నాది కాలె" అంటడు. ఏం పనో ఎవరికీ చెప్పడు.

కాని ఆయనకు ఒక పట్టుదల ఉన్నది. బోడగడ్డ ఒక ఊరని ఎవరైనా కాగితం మీద ఒప్పుకోవాలె. రికార్డుల ప్రకారం అక్కడ ఊరు లేదు, నీళ్లున్నయి. ఆఫీసుకు పోయినప్పుడల్ల "మీరుండేది నీళ్లల్ల, నివాసం ఎట్ల రాస్తం?" అంటరు. "నీళ్లల్లుంటె నా ధోతి ఎందుకు తడుస్తలేదు?" అని ఈయన. ఇట్ల నడుస్తున్నది ఆ తకరారు.

నీళ్లు నిండుగ ఉన్న రోజుల్ల ఒకనాడు పొద్దున్నే నరేందర్ సార్ దిగిండు.

నరేందర్ సార్ హైదరాబాద్‌ల పెద్ద చదువు చెప్పే మనిషి. దీవుల మీద ఉండే మనుషుల పుట్టుపూర్వోత్తరాలు తీసుడే ఆయన పని. ఒక దీవికి ముందుగాల ఎందరొచ్చిండ్రు, ఏడికెల్లి వచ్చిండ్రు, బయటోళ్లు కలవకుంట ఎన్ని తరాలు బతికిండ్రు, ఇదంత మనిషి ఉమ్మిలనే ఉంటదట. అయితె ఆయనకు నీళ్లంటె చచ్చేంత భయం. అందుకే అప్పటిదాక ఒక్క దీవి మీద గూడ కాలు పెట్టలె. ఉపగ్రహం తీసిన బొమ్మల్ల బోడగడ్డ కనబడేసరికి, కారుల పోయి కాసేపు పడవ ఎక్కితె చాలు గదా అని పానం లేచి వచ్చింది. "సముద్రం లేని రాష్ట్రంలో దీవి వాసులు" అని పైవాళ్లకు రాసి, పరిశోధనకు ఒప్పించుకొని వచ్చిండు. ఒడ్డు మీద తొడుక్కున్న నారింజ రంగు లైఫ్ జాకెట్ గడ్డ మీద దిగినంక గూడ ఇప్పలె. అన్నం తినేటప్పుడు ఇప్పలె. రాయి మీద కూసుంటె ఇప్పలె.

ఆయన వెంట సుమలత వచ్చింది. నిజామాబాద్ టౌన్ పిల్ల, సార్ కింద చదువుకుంటున్నది. అందరికి చిన్న చిన్న గొట్టాలు పంచి, "దీంట్ల ఉమ్మాలె. అర్ధగంట ముందునుంచి నోట్ల ఏం పెట్టుకోవద్దు" అని చెప్పింది.

బాలనర్సయ్య రెండు గొట్టాలు అడిగిండు. రబియా కొంగు అడ్డం పెట్టుకొని, గోడ దిక్కు తిరిగి ఉమ్మింది. రాధాబాయితోనే కష్టమైంది. నోట్ల తంబాకు లేని అర్ధగంట ఆమె బతుకుల ఎన్నడూ లేదు.

"ఏందవ్వా, మళ్ల వేసుకున్నవా?" అన్నది సుమలత.

"లేదు బిడ్డా, ఇది పాతదే. బుగ్గల మిగిలింది."

ఉమ్మి పని అట్లుండంగ సార్ ప్రశ్నలు మొదలుపెట్టిండు. ఆయన చదువుల ఒక నియమం ఉన్నది. దీవి మనిషి అని రాసుకోవాలంటె, ఆ మనిషి తల్లిని కన్నోళ్లు, తండ్రిని కన్నోళ్లు, నలుగురూ ఆ దీవిలనే పుట్టి ఉండాలె.

"మీ తాతగారు ఇక్కడే పుట్టారా?" అని బాలనర్సయ్యను అడిగిండు.

"మా తాత పుట్టినప్పుడు ఇది దీవి కాదు సారూ, జొన్నచేను. ఆయన గూడ ఈడ పుట్టలె. మెండోర దిక్కు."

"మీరు?"

"నేను గూడ మెండోర దిక్కే."

"మరి ఇక్కడికి ఎలా వచ్చారు?"

"ఎనుపోతు ఎంబడి."

సార్ ఆ మాట రాసి, మళ్ల కొట్టేసిండు. తర్వాత అయ్యూబ్‌ను అడిగిండు. "ఇంజన్ ఖరాబైతె వచ్చిన సాబ్" అన్నడు ఆయన. రబియాను అడిగిండు. "ఈయనను తోల్కపోదామని వచ్చిన, చాయ్ తాగినంక పొద్దుపోయింది" అన్నది. రాధాబాయిని అడిగిండు. "మా బాపు నీళ్ల పొలం అనుకొని ఇచ్చిండు" అన్నది. ఇంటింటికీ తిరిగిండు. ఒకాయన చేపల కోసం వచ్చి వల పోగొట్టుకున్నోడు, ఇంకొకాయన అన్నతోని కొట్లాడి నీళ్లకు అవతల ఉంటనని ఒట్టు పెట్టుకున్నోడు. గడ్డ మీద పుట్టిన పిల్లలున్నరు గాని, వాళ్ల తాతలు ధర్పల్లి, ఇందల్వాయి, మెండోర, బోధన్. తాతలు, అవ్వలు నలుగురూ ఈ గడ్డ మీద పుట్టినోడు ఒక్కడు గూడ దొరకలె.

నరేందర్ సార్ జాకెట్‌తోనే రాయి మీద కూలబడ్డడు.

"సుమలతా, ఇది దీవి కాదమ్మా. బస్టాండు" అన్నడు.

సుమలత ఉమ్మి గొట్టాలు సంచిల సర్దబట్టింది. అప్పుడే రాధాబాయి "ఇకడే యే" అని పిలిచింది. గడ్డ నాలుగు మూలలకెల్లి మేకలు దగ్గుకుంట వచ్చినయి. మోకాలెత్తు మేకలు, అన్నిటికి ఎడమ చెవి మడత. ఒకే పుస్తకానికి కొట్టిన కాపీల లెక్క ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డయి.

"అవ్వా, ఈ మేకల తల్లి ఏడ పుట్టింది?" అని అడిగింది సుమలత.

"ఈడనే."

"దాని తల్లి?"

"ఈడనే బిడ్డా. అన్నీ ఈడనే. జమాదార్ సంతానం."

సార్ మెల్లగ లేచిండు. ఒక మేక ముందట కూసుండి దాని మొఖం చూసిండు. మేక ఆయన మొఖం మీద దగ్గింది. ఆయన తుడుచుకోలె.

ఆ పొద్దంత మేకల ఉమ్మి తీసిండ్రు. మనుషుల కంటె మేకలే నయమనిపించింది సుమలతకు. తంబాకు లేదు, ప్రశ్నలు లేవు. రాధాబాయి ఒక్కొక్కదాన్ని ఒడిల పట్టుకొని, "గప్ బస్, గప్ బస్" అని, ఊకె కూసోమని చెవిల చెప్పుకుంట నోరు తెరిపిచ్చింది.

చలికాలం పోయినంక సుమలత ఒక్కతే మళ్ల వచ్చింది. వచ్చి, రాధాబాయి పక్కన అరుగు మీద కూసుండి చెప్పింది. "అవ్వా, మీ మేకల్ల మూడే మూలాలు తేలినయి. రెండు ఆడవి, ఒకటి మగది. వాటెనుక బయటి రక్తం చుక్క ఒక్కటి గూడ కలవలె. ఇట్లాంటిది మా సార్ పుస్తకాలల్లనే చూసిండట."

రాధాబాయి చేతిల చుట్టుతున్న బీడీ ఆగింది. "మా బాపు ఇచ్చిన మూడు" అన్నది. కొంచెం ఆగి, "బిడ్డా, మా బాపు వాటిని పడవల ఎక్కించింది గూడ కనబడ్తదా అందుల?" అని అడిగింది.

"అది కనబడదవ్వా."

"ఏం లేదు. అడిగిన" అని కొంగుతోని కండ్లు ఒత్తుకొని, మళ్ల బీడీ చుట్టుకున్నది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలె. సార్ మేకలన్నిటి చెవులకు పసుపుపచ్చ బిళ్లలు పంపిండు. ఒక్కొక్క బిళ్ల మీద అంకె, దాని కింద "బోడగడ్డ" అని అచ్చు. బిళ్లలు కొట్టినంక ఒడ్డు కాడ ఒక బోర్డు గూడ పాతిండ్రు. ఇక్కడి అసలు వాసులైన మేకలకు ఇబ్బంది కలిగించరాదని, బయటి మేకలను తేరాదని దాని మీద రాసి ఉండె. బాలనర్సయ్య ఆ బోర్డు ముందట నిలబడి కూడబలుక్కొని చదివి, "అయితె మనమెవలం?" అన్నడు.

"మనం ఇబ్బంది" అన్నడు అయ్యూబ్.

బాలనర్సయ్యకు కోపం రావాలె. కాని చెవి బిళ్ల చూసేసరికి వేరే ఆలోచన వచ్చింది. ఆయన ఎన్నో ఏండ్లుగ అడుగుతున్న పేరు, కాగితం మీద ఎవ్వరూ రాయని పేరు, మేక చెవికి అచ్చై ఉన్నది. తెల్లారి రాధాబాయిని బతిమిలాడి, ఒక మేకను చంకల పెట్టుకొని, పడవల ఒడ్డుకు, ఒడ్డు నుంచి ఆటోల ఆఫీసుకు పోయిండు. మేకను బల్ల మీద నిలబెట్టిండు.

"ఏందిది?" అన్నడు అక్కడ కూసున్న ఆయన.

"రుజువు సారూ. ఊరు లేకుంటె ఈ మేక ఏడికెల్లి వచ్చింది?"

ఆ గుమాస్త మేక చెవి తిప్పి తిప్పి చూసిండు. పక్కాయనను పిలిచి చూపిచ్చిండు. ఇద్దరు కలిసి లోపలి సారుకు చూపిచ్చిండ్రు. అంతసేపు మేక దగ్గుకుంటనే ఉన్నది. ఆఖరికి తేల్చిండ్రు. మేక బోడగడ్డదే అని ఒప్పుకుంటున్నం, ఎందుకంటె రాసి ఉన్నది. బాలనర్సయ్య బోడగడ్డ మనిషి అని ఒప్పుకోలేం, ఎందుకంటె ఆయన మీద ఏం రాసి లేదు.

బాలనర్సయ్య తిరిగొచ్చి, సుమలతకు ఫోన్ చేసి, "నాకు గూడ ఒక బిళ్ల కొట్టమ్మా, చెవికే కొట్టు, ఏం అనుకోను" అన్నడు. ఆమె నవ్వింది. ఆయన నవ్వలె.

ఈ లోపల మేకలు ఈననీకి మొదలుపెట్టినయి. ఆ యేడు పిల్లలు మంచిగ పుట్టలె. ఒకదానికి కింది దౌడ వంకర, తల్లి పొదుగు పట్టరాకపోయేది. ఒకటి లేచి నిలబడేది, వెంటనే పక్కకు ఒరిగేది. రాధాబాయి గుడ్డపేలిక పాలల్ల ముంచి నోట్ల పిండేది. బీడీలు పక్కకు పెట్టింది. కార్ఖానకు కట్టలు పోలె. రబియా ఇంట్ల ఉన్న పాత దుప్పటి తెచ్చి పిల్లలకు కప్పేది. అయినా పొద్దున లేచి చూస్తె ఏదో ఒకటి కట్టె లెక్క ఉండేది.

రాధాబాయి సుమలతకు ఫోన్ చేసింది. "ఏమైంది బిడ్డా నా మేకలకు?"

సుమలత మెల్లగ చెప్పింది. "అన్నిటిదీ ఒకటే రక్తం గదా అవ్వా. తల్లిల ఉన్న లోపమే తండ్రిల గూడ ఉంటె, పిల్లకు రెండు దిక్కులకెల్లి వస్తది. కొత్త రక్తం కలిస్తె ఆ లోపం అణిగిపోతది."

"అంటె బయటి పోతును తెస్తె బాగైతదా?"

"అయితది. కాని సార్ ఒప్పుకోడు. ఇంకొన్నేండ్లు బయటిది రావద్దని పైవాళ్లకు రాసిచ్చిండు."

"ఆయన రాసిచ్చిండు. నేను ఏం రాసియ్యలె గదా?"

"నువ్వు రాయలేదవ్వా" అన్నది సుమలత. "నేను గూడ ఏం చెప్పలె. గుర్తు పెట్టుకో."

రాధాబాయి అయ్యూబ్‌ను వెంట తీస్కొని ధర్పల్లి దిక్కు పోయింది. మూడు మందలు చూసింది. నాలుగో మందల ఒక నల్లటి పోతు కనబడ్డది. నడుమెత్తు, రెండు చెవులు నిలువుగ, కొమ్ములు వెనుకకు తిరిగి, చూస్తె ఊరి పెద్దమనిషి లెక్క ఉన్నది. వాసన మాత్రం ఊరవతల నుంచే వస్తున్నది. దాన్ని ఆటోల ఎక్కించుకొని ఒడ్డు కాడికి వచ్చేసరికి, అక్కడ నారింజ రంగు జాకెట్ తొడుక్కొని నరేందర్ సార్ పడవ కోసం నిలబడి ఉన్నడు.

అయ్యూబ్ ఆటో దూరంగనే ఆపిచ్చిండు. "ఖతం రాధక్కా. వాపసు పోదాం."

"పోయేది లేదు. ఆ గొంగడి ఇటియ్యి."

గొంగడి పోతు నెత్తి మీదికెల్లి కప్పి, ముందటి కాళ్లు రెండు అయ్యూబ్ భుజాల మీద వేపిచ్చి, వెనుక నుంచి ఆమె ఎత్తుకొని, ఇద్దరు కలిసి నడిపిచ్చుకుంట పడవ దిక్కు వచ్చిండ్రు.

"ఏమైందమ్మా? ఎవరు?" అని సార్ ఎదురొచ్చిండు.

"మా మేనమామ సారూ. పానం బాగలేదు. చలిజ్వరం."

సార్‌కు చానా జాలి గుండె. "అయ్యో, ఈ స్థితిలో పడవ మీదా? వణుకుతున్నారు గదా" అని, ఒక్కసారి నీళ్ల దిక్కు చూసి, కండ్లు మూసుకొని, ఎన్నడూ ఇప్పని లైఫ్ జాకెట్ ఇప్పిండు. "ఆయనకు తొడగండి. నాకు ఫర్వాలేదు" అన్నడు. గొంగడి మీదనే తొడిగి, తన చేతులతోనే తాళ్లు బిగిచ్చిండు. కింద గడ్డం తగిలింది. "పెద్దాయన" అన్నడు గౌరవంగ. వాసనకు మొఖం పక్కకు తిప్పుకున్నడు గాని, మర్యాదకు ఏం అనలె.

పడవ నడుమ నీళ్లల్లకు పోయింది. అక్కడ ఇంజన్ ఆగింది. అయ్యూబ్ వంగి తాడు లాగుడు మొదలుపెట్టిండు. అటుఇటు ఊగుతున్న పడవల మేనమామ ఒక్కసారి తల విదిలిచ్చిండు. గొంగడి నెత్తి మీదికెల్లి జారి మెడ కాడ ఆగింది. నల్లటి మొఖం, వెనుకకు తిరిగిన కొమ్ములు, ఒంటికి నారింజ జాకెట్. "బ్యా" అన్నది, గోదావరి రెండు ఒడ్లు వినేటట్టు.

సార్ దాన్ని చూసిండు. రాధాబాయిని చూసిండు. మళ్ల దాన్ని చూసిండు.

"ఇది… బయటిదా?" అన్నడు.

"ధర్పల్లిది సారూ."

"నా పరిశోధన!" అని సార్ లేచి నిలబడ్డడు. లేచేసరికి పడవ ఒక పక్కకు ఒరిగింది. ఒంటి మీద జాకెట్ లేదన్న సంగతి అప్పుడు యాదికొచ్చింది ఆయనకు. ఒక్క దుముకు దుమికి, తేలే వస్తువు ఏదో దాన్నే పట్టుకున్నడు. పోతు మెడ చుట్టు రెండు చేతులేసి, కొమ్ముల నడుమ మొఖం పెట్టి, గట్టిగ కావలిచ్చుకొని కూసున్నడు. పోతు గూడ భయపడ్డట్టున్నది, కదలలె.

"దించేయండి దీన్ని" అన్నడు, వదలకుంట.

"ఏడ దించుతం సాబ్, నీళ్లల్లనా?" అన్నడు అయ్యూబ్ తాడు లాగుకుంట. "దించితె మీరు గూడ దిగాలె. పట్టుకున్నది మీరే."

ఇంజన్ అంత తొందరగ బాగయ్యేది కాదు. రాధాబాయి చాట లేని ఒడిల చేతులు పెట్టుకొని మెల్లగ చెప్పింది. "పిల్లలు సస్తున్నయి సారూ. నోరు పట్టరాక సస్తున్నయి. నేను పేలికతోని పిండిన. ఎన్నిటికని పిండుత? మీరు చదువుకున్నోళ్లు, మీ పని మీకుంటది, కాదనను. కాని గవి నా చేతులనే పోతున్నయి."

సార్ పోతు మెడ మీదికెల్లే, "ఎన్ని పోయాయి?" అని అడిగిండు.

"ఎంచలె సారూ. ఎంచితె చుట్టనీకి చేతులు రావు."

గడ్డకు చేరినంక పోతు ఒక్క దుముకుల ఒడ్డెక్కింది, జాకెట్‌తోనే. దాన్ని చూసి మేకలన్ని దగ్గుకుంట ఉరికి ఇండ్ల కప్పులెక్కినయి. పుట్టినకాడికెల్లి అంత పెద్ద మేకను అవి చూడలె. నారింజ రంగు మేకనైతె ఎవ్వరూ చూడలె. రబియా బయటికొచ్చి, పోతును చూసి, దాని వెనుక పోతు వాసనతోని నడిచొస్తున్న సార్‌ను చూసి, "ఈయనకు తానానికి నీళ్లు తోడుత" అని లోపలికి పోయింది.

జాకెట్ ఇప్పనీకి బాలనర్సయ్య, అయ్యూబ్ ఇద్దరికీ పొద్దుమీకింది. అంతసేపు సార్ రాయి మీద కూసుండి చూసిండు. ఆఖరికి సుమలతకు ఫోన్ చేసి, "రాసుకో అమ్మా. ఇవాళ ఒక కొత్త వలస జరిగింది. ప్రత్యక్షంగా చూశాను" అన్నడు. తాను దాన్ని కావలిచ్చుకొని తెచ్చిన సంగతి మాత్రం రాయమనలె.

ధర్పల్లి పోతు కొన్ని రోజులు మేయలె. మేకల దిక్కు గూడ చూడలె. దిబ్బ కొసకు పోయి, నీళ్ల అవతలి ఒడ్డు చూసుకుంట నిలబడేది. రాధాబాయి పోయి పక్కన కూసున్నది. మరాఠీల చెప్పి చూసింది, దానికి తెల్వలె. తెలుగుల చెప్పింది.

"నేను గూడ గిట్లనే సూసేదాన్నిరా. వచ్చిన కొత్తల. బోధన్ ఎటుంటదో తెల్వక ఒకరోజు అటు, ఒకరోజు ఇటు కూసునేది. ఒకనాడు ఆకలైంది, తిన్న. గంతే. ఇంకేం చెయ్యలె నేను. ఆకలి గాక ముందుగాల ఎవలు చెప్పినా ఇనలె, నువ్వు గూడ ఇనకు."

పోతు వినలె. ఇంకో పూట గడిచినంక మేసింది.

ఆ యేడు కాదు, మరుసటి ఈతకు పిల్లలు లేచి నిలబడ్డయి. పుట్టిన పూటనే పొదుగు పట్టినయి. రెండు చెవులు నిలువు, పొడుగు కాళ్లు. అరిస్తె మేక అరిచినట్టే ఉన్నది. రాధాబాయి సంతోషంతోని ఇంటింటికీ జున్ను పంచింది. కాని ఒక్కొక్క పిల్లను ఒడిలకు తీసుకొని మొఖం చూసి చూసి, "మా బాపు ఇచ్చిన మొఖం కాదు గదా ఇది" అని రబియాతోని అన్నది. "ఈ గడ్డ మీద మా అమ్మ మొఖం ఎవలికున్నది రాధక్కా, నాకే లేదు" అన్నది రబియా.

బాలనర్సయ్య ఒకటే అడిగిండు సుమలతను, "ఈ పిల్లలు బోడగడ్డవా, ధర్పల్లివా?" అని. సార్ నియమం ప్రకారం ఇంకా కావని, ఇట్లనే తరాలు నడిస్తె ఎప్పుడో అయితయని ఆమె చెప్పింది. "అయితె వీటికి గూడ బిళ్ల రాదు. మనోళ్లే" అని ఆయన వాటిని మస్తు పావురంగ, ముద్దుగ చూసుకున్నడు.

ఎండలు ముదిరి, ఒక పక్క నీళ్లు దిగినంక, ఎవ్వరూ అనుకోనిది జరిగింది. ఆ పొడుగు కాళ్ల పిల్లలు బురదను లెక్క చెయ్యలె. ఒకనాడు పొద్దున్నే వరుసగ దాటిపోయి, అవతలి ఒడ్డున ఒకాయన మక్కచేన్ల పడ్డయి. వాటెంబడి ధర్పల్లి పోతు గూడ పోయింది. అవి తొక్కిన దారిన, పొట్టకు బురద పూసుకొని, జమాదార్ సంతానం మేకలు గూడ నాలుగైదు పోయినయి. చేను ఆయన ఒడ్డు మీద నిలబడి గడ్డ దిక్కు చూసి ఒర్లిండు. ఆ సంగతి తెలిసి సుమలత నరేందర్ సార్‌కు ఫోన్‌ల చెప్తె, "ఇక అది దీవి కాదు" అన్నడట ఆయన. బాధపడ్డడో లేదో ఆమెకు తెల్వలె. వెంటనే అవతలి ఒడ్డు మేకల ఉమ్మి గూడ తీసుకరమ్మన్నడట.

అప్పటినుంచి రాధాబాయి మేకలెంబడి రోజూ ఒడ్డుకు పోతది. చేను ఆయనతోని రెండు రోజులు కొట్లాడింది, మూడో నాడు కలిసిపోయింది. కోత అయిపోయినంక మోళ్లల్ల మేపుకొమ్మని ఆయనే అన్నడు. ఒడ్డు మీద చాయ్ హోటల్ ముందట చాట ఒడిల పెట్టుకొని కూసుంటది. ఆటోలు, చెరుకు ట్రాక్టర్లు పోతుంటయి. "అవ్వా, ఏ ఊరు?" అని కొత్తోళ్లు అడుగుతరు. ఆమె చేతిల బీడీకి దారం చుట్టి, ముడి కొరికి, ఏ ఊరు చెప్పాల్నో కొంచెంసేపు ఆలోచన చేస్తది. అంతల మేక ఏదో రోడ్డెక్కుతది. లేచి, "ఇకడే యే" అని ఉరుకుతది. పొడుగు పిల్లలకు ఆ భాష ఇప్పుడిప్పుడే తెలుస్తున్నది.